నిలిచే నూనె

మార్గశిరం వచ్చి పెదవులు పగలడం మొదలైందంటే, ఏదో ఒక ఆదివారం నాన్న నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదు గౌలిగూడ బస్టాండుకు బయలుదేరేవారు. ఇమ్లీబన్‌లో కొత్త బస్టాండు రావడానికి చాలా ముందు మాట. 1981లో నాకు ఎనిమిదేళ్లు. విల్లులా వంగిన ఆ పెద్ద రేకుల కప్పు కింద జిల్లాల బస్సులన్నీ వచ్చి ఆగేవి. దేవరకొండ బస్సు ఆగీ ఆగగానే జనం పైకెక్కి మూటలు దించుకునేవారు. మా నాయనమ్మ మాత్రం బస్సు ఖాళీ అయ్యేదాకా సీటులోనే కూర్చుని, అందరికంటే చివర, రేకు డబ్బాను రెండు చేతులా పొదివి పట్టుకుని దిగేది. బియ్యం మూట, కందిపప్పు మూట బస్సు పైన వేయనిచ్చేది గాని ఆ డబ్బాను ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. మూడు నాలుగు గంటల ప్రయాణమంతా అది ఆమె ఒడిలోనే ఉండేది. మూతి మీద పాత చీర గుడ్డ నాలుగు మడతలు, దాని మీద మూత, మూత చుట్టూ జొన్నపిండి ముద్ద మెత్తి ఎండబెట్టిన కట్టుదిట్టం. లోపల ఏడాదికి సరిపడా వంటాముదం.

ఆ రేకుల షెడ్డు 2018లో కూలిపోయింది. పత్రికలో ఫొటో చూసిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది బస్సులు కాదు, ఆముదం వాసన.

అక్కడి నుంచి రిక్షాలో చాదర్‌ఘాట్ వంతెన దాటి మలక్‌పేట. మాది పెంకుటింట్లో రెండు గదుల వాటా. వెనక చిన్న పెరడు, అందులో ఒక నిమ్మచెట్టు, ఒక నందివర్ధనం. నాయనమ్మ కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, ముందు చేసే పని డబ్బా మూత తీయడం. జొన్నపిండి ముద్దను కత్తి మొనతో ఒలిచి, గుడ్డ విప్పేది. ఒక్కసారిగా గదంతా నిండేది ఆ వాసన. వేయించిన గింజ వాసన, కట్టెల పొగ వాసన, అడుగున ఎక్కడో మట్టి వాసన. "అత్తమ్మా, ఈసారి చిక్కగా ఉంది" అని అమ్మ అనాలి. ఆ మాట అన్నాకే నాయనమ్మ నడుం వాల్చేది.

మర్నాడు పంపకం. పక్క వాటా వాళ్లకు ఒక చిన్న సీసా, పాలు పోసే ఆమెకు ఒక సీసా, గోడ అవతల, మేం ఖాలా (ఉర్దూలో పిన్ని) అని పిలిచే ఆమెకు ఒక సీసా. ఖాలా దాన్ని "అరండీ కా తేల్" అనేది. ఆమె మనవడికి మాడు మీద అద్దడానికి, తన మోకాళ్లకు రాసుకోవడానికి ఏడాదంతా దాచుకునేది. బదులుగా తమ పెరట్లోని గోరింటాకు కొమ్మలు కోసి గోడ మీద పెట్టేది. నాయనమ్మకు ఉర్దూ రాదు, ఖాలాకు తెలుగు అంతంతమాత్రం. సీసా ఇటు నుంచి అటు, గోరింటాకు అటు నుంచి ఇటు. మా ఇళ్ల మధ్య స్నేహం ఇరవై ఏళ్లు అలా నడిచింది.

వంటాముదం అంటే వండి తీసిన ఆముదం. గానుగలో ఆడించినది వేరు. సంక్రాంతి సెలవులకు ఊరు వెళ్లినప్పుడు రెండో విడత గింజలతో నాయనమ్మ దాన్ని తీయడం నేను దగ్గరగా చూశాను. మా చెల్కలో ఆముదమే పంట. ఎర్ర నేల, వాన తప్ప వేరే నీరు లేదు. తొలకరికి వేస్తే దసరా, దీపావళి నాటికి మొదటి గెలలు కోతకు వచ్చేవి, తర్వాత విడతలు విడతలుగా సంక్రాంతి దాకా కోసేవారు. ఎండిన గెలలు వాకిట్లో పరిస్తే మధ్యాహ్నం ఎండకు కాయలు టప్పున పగిలి గింజలు గోడకు తగిలేవి. గింజ ఎంత అందమో! అద్దంలా నున్నగా, గోధుమరంగు మీద నల్ల చారలు, కొసన చిన్న బొడిపె. ఆడుకుందామని పిడికిట్లోకి తీసుకుంటే నాయనమ్మ చేతి మీద కొట్టి మరీ లాక్కునేది. "నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది బిడ్డా" అనేది.

ఆ మాటలో అతిశయం లేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆముదపు గింజలో రైసిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అది మాంసకృత్తుల జాతి పదార్థం కాబట్టి నూనెలో కరగదు, పిప్పిలోనే ఉండిపోతుంది. బాగా ఉడికితే దాని శక్తి పోతుంది. నాయనమ్మకు ఆ పేరు తెలియదు. కాని దంచేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకునేది. మమ్మల్ని రోలు దరిదాపులకు రానిచ్చేది కాదు. పని అయ్యాక రోలును, రోకలిని మూడుసార్లు కడిగించేది. మిగిలిన పిప్పిని పశువుల వైపు పోనివ్వకుండా ఒక చెట్టు పాదులో వేసి పైన మట్టి కప్పించేది. తెలిసినవాళ్లు చేసే పని ఎలా ఉంటుందో నాకు చూపించింది ఆ జాగ్రత్తే.

గింజల్ని మట్టి పెంకులో దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, పొయ్యి మీద కాగులో మరుగుతున్న నీళ్లలో ఆ ముద్దను కలిపేది. గంటలు గడిచేవి. ముందు బూడిదరంగు నురగ, తర్వాత ఆ నురగ విడిపోయి, నీటి మీద బంగారు నాణేల్లా నూనె చుక్కలు. అవి ఒకదానితో ఒకటి కలిసి పలచని పొరగా మారేదాకా ఆమె గరిటె ముట్టేది కాదు. అప్పుడు చెంబు అంచుతో పైపైన తేర్చి వేరే గిన్నెలోకి తీసేది. ఆ నూనెలో ఇంకా నీరు ఉంటుంది. రెండోసారి సన్నని సెగ మీద కాచాలి. గిన్నె చిటపటలాడుతూ ఉంటుంది. ఆ చప్పుడు తగ్గి, తగ్గి, ఒక క్షణాన పూర్తిగా ఆగిపోతుంది. నాయనమ్మ చెవి పెట్టి వినేది దానికోసమే. అయినా నమ్మకుండా పత్తి వత్తిని అందులో ముంచి వెలిగించేది. వత్తి చిటపటమంటే నీరు మిగిలినట్టు. నిశ్శబ్దంగా, నిలకడగా వెలిగితే నూనె అయినట్టు. కిలో గింజలకు పావు లీటరు దాటితే ఆమె ముఖం విప్పారేది. గింజలో దాదాపు సగం నూనే ఉంటుంది గాని రోకలికి, నీటికి లొంగేది అంతే.

ఆ నూనె మా ఇంట్లో ఎన్ని పనులు చేసేదో! హైదరాబాదు చలి పొడిచలి. స్నానం చేసి వచ్చిన పది నిమిషాలకే కాళ్ల మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడుతుంది. అమ్మ మడమలు ఆ నెలల్లో నెర్రెలు విచ్చేవి. రాత్రి పని అంతా అయ్యాక గోరువెచ్చని నీళ్లలో కాళ్లు నానబెట్టి, తుడుచుకుని, చెమ్మ ఆరకముందే ఆముదం పట్టించేది. పగుళ్లు మరీ లోతుగా ఉంటే గరిటెలో కొంచెం తేనెమైనం కరిగించి, ఆముదం, చిటికెడు పసుపు కలిపి పెట్టుకునేది. చెమ్మ ఆరకముందే అన్నది నాయనమ్మ ఆన. పొడి కాలికి రాస్తే నూనె పైనే ఉంటుందని, తడి లోపల ఉండగా రాస్తే ఆ తడిని కదలనివ్వదని ఆమె చెప్పేది. ఇప్పుడు చర్మ వైద్యులు మాయిశ్చరైజర్ గురించి చెప్పేదీ సరిగ్గా అదే.

పెదవులకు వేలి కొసతో ఒక చుక్క. కనుబొమలకు ఒక చుక్క. మోచేతులకు కొంచెం ఎక్కువ. కొత్త కందిపప్పు వస్తే పురుగు పట్టకుండా చేతికి ఆముదం రాసుకుని పప్పంతా కలిపి ఎండలో పోసేది అమ్మ. తలుపు మడతబందులకూ అదే, కుట్టుమిషనుకూ అదే. పండగల ముందు రోజు నాయనమ్మ కాటుక పట్టేది. నందివర్ధనం పూల రసంలో తడిపి ఆరబెట్టిన తెల్ల గుడ్డను వత్తి చేసి, ఆముదం ప్రమిదలో వెలిగించి, మూడు రాళ్ల మీద ఇత్తడి పళ్లెం బోర్లించేది. తెల్లారేసరికి పళ్లెం అడుగున నల్లని పట్టులాంటి మసి. దాన్ని ఈకతో రాల్చి, రెండు చుక్కల ఆముదంతో నూరి భరిణెలో పెట్టేది. పసిపిల్లల కళ్లకు కాటుక వద్దని వైద్యులు అంటారు. నా పిల్లలకు నేను కళ్లలో పెట్టలేదు, అరికాల్లో చుక్క మాత్రం పెట్టాను. ఆ భరిణె ఇప్పటికీ నా దగ్గర ఉంది.

1983లో తమ్ముడు పుట్టినప్పుడు నాయనమ్మ నాలుగు నెలలు మాతోనే ఉంది. పీట మీద కూర్చుని, కాళ్లు చాచి, వాణ్ణి ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకునేది. ఒంటికి నువ్వుల నూనె, మాడుకు మాత్రం ఆముదం. ఒళ్లంతా ఆముదం ఎందుకు పెట్టకూడదని అడిగాను. "ఇది జిగురు బిడ్డా. ఒళ్లంతా పూస్తే చెమట పోయే దారి ఉండదు, పొక్కులు లేస్తాయి" అంది. మాడు మీద పల్లం కొట్టుకుంటూ ఉంటుంది కదా, అక్కడ వేలు అదమకుండా, నూనె బరువు తప్ప చేతి బరువు పడకుండా అద్దేది. ఆ వేలిని నేను ఎంతసేపు చూసేదాన్నో. పొలం పనులతో బండబారిన వేలు. బొటనవేలి పక్కన కొడవలి గాటు మచ్చ. అంత మొరటు వేలు అంత తేలికగా ఎలా ఆనేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అన్నీ మంచివే అని చెప్పను. ఆరు నెలలకొకసారి పొద్దున్నే పరగడుపున మా చేత ఆముదం తాగించేవారు. ముక్కు మూసి, పాలలోనో కాఫీలోనో కలిపి, గొంతులో పోసేవారు. "ఆముదం తాగిన ముఖం" అనే మాట తెలుగులో ఊరికే పుట్టలేదు. రోజంతా కడుపునొప్పి, నీరసం. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు ఆ శిక్ష అక్కర్లేదు. లోపలికి వెళ్లిన ఆముదం నుంచి విడుదలయ్యే రిసినోలిక్ ఆమ్లం పేగుల కండరాల మీదే కాదు, గర్భాశయం మీద కూడా పనిచేస్తుందని 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు వివరంగా చూపించారు. గర్భిణులు దాన్ని సొంతంగా తాగకూడదని మా పెద్దవాళ్లు అన్న మాటకు కారణం అక్కడ దొరికింది. అలాగే చెవిలో, ముక్కులో నూనె చుక్కలు వేయడం. అదీ మానేయడమే మంచిదయింది. నాయనమ్మను ఎంత ప్రేమించినా, ఈ రెండు విషయాల్లో ఆమె పక్షాన నిలబడలేను.

ఇక జుట్టు సంగతి.

1989లో నాకు పదహారేళ్లు, ఇంటర్మీడియట్ మొదటి ఏడాది. మా తరగతిలో ఒక అమ్మాయికి నడుం దాటి జడ. నాకు భుజాలు దాటి ఒక జానెడు. ఏదో పత్రికలో రోజూ ఆముదం పట్టిస్తే జుట్టు మోకాళ్లు తాకుతుందని రాశారు. ఇంట్లో డబ్బానిండా ఉండనే ఉంది. ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా అరకప్పు ఆముదం ఏమీ కలపకుండా తల మీద గుమ్మరించుకుని, జుట్టంతా పైకెత్తి ముడి పెట్టుకుని పడుకున్నాను. పొద్దున్నే బాయిలర్‌లో నీళ్లు బాగా కాగనిచ్చి, ఆ వేడినీళ్లు పోసుకుని, జుట్టంతా నెత్తిన పోగుచేసి సబ్బుతో గట్టిగా రుద్దాను. రెండు చెంబులు పోసేసరికి చేతికి జుట్టు తగల్లేదు. గట్టిపడిన కొబ్బరి పీచు ఉండ లాంటిదేదో తగిలింది. ఎటు లాగినా కదలదు. నడినెత్తి నుంచి మెడ దాకా ఒకే ముద్ద. నాకు ఏడుపు వచ్చేసింది.

అదృష్టం, అప్పుడు నాయనమ్మ ఇంట్లోనే ఉంది. నన్ను చూసి అరవలేదు. పెరటి అరుగు మీద కూర్చోబెట్టి, అమ్మను కత్తెర దాచేయమంది. కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి ఆ ముద్ద మీద కొంచెం కొంచెంగా పోసింది. అరగంట ఊరికే కూర్చుంది. తర్వాత వేళ్లతో కింది అంచు వెతికి, ఒక్క వెంట్రుక పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ముద్దను అదిమిపెట్టి, ఆ ఒక్కదాన్నే జారనిచ్చింది. తర్వాత ఇంకొకటి. వేలు పట్టని చోట సన్నటి వెదురుపుల్ల మొన దూర్చి వదులు చేసేది. దువ్వెన మాత్రం ముట్టనివ్వలేదు. మధ్యాహ్నం అన్నం అక్కడే కలిపి తినిపించింది అమ్మ. నిమ్మచెట్టు నీడ నా ఒళ్లోంచి జరిగి గోడ ఎక్కింది. నాయనమ్మ కళ్లు అప్పటికే మసకలు. చూపుతో కాదు, వేళ్లతోనే విప్పుతోంది. మధ్యమధ్యలో మెడ నొప్పి పుడితే నా వీపు మీద నుదురు ఆనించి ఒక నిమిషం ఆగేది.

"ఎందుకిలా అయింది నాయనమ్మా?" అని అడిగాను.

"కొబ్బరినూనె పారే నూనె. ఇది నిలిచే నూనె" అంది. "నిలిచేదాన్ని కొంచెమే పెట్టాలి. తోడుగా పారేదాన్ని కలపాలి. నెత్తిన పోగేసి రుద్దితే వెంట్రుకకు వెంట్రుక అంటుకుని తాడు పేనినట్టు పేనుకుపోతుంది."

దీపాలు పెట్టేవేళకు ఇక విడిపోనిది నిమ్మకాయంత మిగిలింది. అప్పుడు కత్తెర తెమ్మంది. కత్తిరించిన ఆ ఉండను పారేయకుండా నా చేతిలో పెట్టింది. చాలా బరువుగా ఉంది. ఇలాంటి ముద్ద కట్టడం గురించి వైద్య పత్రికల్లో కూడా రాశారని, ఆ రోగుల్లో జుట్టు కత్తిరించక తప్పలేదని ఈ మధ్యనే చదివాను. నాకు మిగిలిన జుట్టంతా నాయనమ్మ వేళ్లు దక్కించినదే.

ఆ తర్వాత ఆమె నేర్పిన పద్ధతే నాది. మూడు చెంచాల కొబ్బరినూనెకు ఒక చెంచా ఆముదం. నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. వేడినీళ్ల గిన్నెలో నూనె గిన్నె ఉంచాలి. జుట్టును పాయలు పాయలుగా విడదీసి, వేళ్ల కొసలతో కుదుళ్లకు, మిగిలినది అరచేతుల్లో రాసుకుని కొసలకు. గంట చాలు, రాత్రంతా అక్కర్లేదు. నానబెట్టి పిసికిన కుంకుడుకాయల రసం వడగట్టి రెండు వాయిలు పోయాలి. రుద్దడం పైనుంచి కిందికే, జుట్టు వేలాడుతున్న దారిలోనే. మొదటిసారి వాడేవాళ్లు ముందు రోజు మోచేతి మడతలో చుక్క రాసుకుని చూడాలి, దురద పుడితే వదిలేయాలి.

మా వీధిలో ఒక బాబాయిగారు రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థలో పనిచేసేవారు. 1977లో డైరెక్టరేటుగా ఏర్పడిన సంస్థ అది. నా జుట్టు కథ విని నవ్వకుండా కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఆముదంలో నూటికి 85 నుంచి 90 వంతులు రిసినోలిక్ ఆమ్లమే. మిగతా వంటనూనెల్లో అది దాదాపు కనిపించదు. దాని అణువు నడుమ ఒక హైడ్రాక్సిల్ గుంపు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) వేలాడుతూ ఉంటుంది. ఆ గుంపులు పక్క అణువులను పట్టుకుంటాయి. చేతులు చేతులు పట్టుకుని నిలబడ్డ జనంలా నూనె చిక్కబడుతుంది. అందుకే చర్మం మీద పెడితే జారిపోదు, తడిని కప్పి ఉంచుతుంది. లిప్‌స్టిక్‌లో రంగును పట్టి ఉంచి మెరుపు ఇచ్చేదీ ఇదేనట. తొలినాటి విమానాల ఇంజన్లలో వేడికి తట్టుకుని అతుక్కుని ఉండే నూనెగా వాడిందీ ఇదే. ఇంజన్ నూనెల్లో క్యాస్ట్రాల్ అనే పేరు 1909లో పుట్టింది ఆముదానికున్న ఇంగ్లీషు పేరు లోంచే. గింజ పశువుల పిడుదులా కనిపిస్తుందని లాటిన్‌లో పిడుదుకున్న రిసినస్ అనే మాటనే మొక్కకు పేరుగా పెట్టారని కూడా ఆయనే చెప్పారు.

అది విని ఇంటికి పరుగెత్తి నాయనమ్మతో చెప్పాను, నువ్వన్నది నిజమే, ఇది నిలిచే నూనేనట అని. ఆమె కందిపప్పు చెరుగుతోంది. చేట ఆపకుండానే "తెలుసు" అంది.

బాబాయిగారే ఇంకో మాట చెప్పారు. పాతకాలపు ఆముదం దాదాపు తొమ్మిది నెలలు చేలో ఉండేది. 1960ల చివర్లో అరుణ అనే రకం వచ్చాక అది నాలుగైదు నెలలకు దిగింది. పాలెం పరిశోధన కేంద్రం నుంచి క్రాంతి, హరిత వంటి రకాలు ఆ తర్వాత వచ్చాయి. నాయనమ్మ మాత్రం పాత గింజను అరుణ గింజతో కలవనిచ్చేది కాదు, తలకు పాతదే అనేది. అందులో నిజమెంతో నాకు తెలియకపోయినా, విత్తనాల కుండ విడిగా ఉండేది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట భూములు ఒకప్పుడు ఆముదానికి పెట్టింది పేరు. ఇప్పుడు దేశంలో ఆముదం అంటే గుజరాత్. మా వైపు వానలు ఆగకుండా పట్టుకుంటే గెలలకు బూజు తెగులు తగిలేది, ఎండ కాస్తే దాసరి పురుగు ఆకులను ఈనెలు మిగిల్చేది. ధర మాత్రం పెరిగేది కాదు. పక్కవాళ్లు పత్తి వేశారు, తర్వాత మేమూ వేశాం. నాయనమ్మ 1996లో పోయింది. ఆ ఏడాది మార్గశిరంలో అమ్మ మొదటిసారి బేగంబజార్ వెళ్లి ఆముదం కొనుక్కొచ్చింది. నీళ్లలా తెల్లగా, వాసన లేకుండా ఉంది. అది మంచి నూనే. శుద్ధి చేసినది కాబట్టి రంగు, వాసన పోతాయి, చిక్కదనం పోదు. పని చేస్తుంది. అయినా అమ్మ ఆ సీసా మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టి, చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు ఫోను తెరిస్తే ఆముదం మీద మాటలే. నెలలో జుట్టు రెట్టింపు, బట్టతల మీద మొలకలు, రాత్రికి రాత్రి కనుబొమలు. నలభై ఏళ్లుగా వాడుతున్నదాన్ని, చెబుతున్నాను. ఆముదం కొత్త వెంట్రుకను మొలిపించడం నేను చూడలేదు. అలా మొలిపిస్తుందని గట్టి రుజువు చూపిన పరీక్షలూ లేవు. ఉన్న వెంట్రుకకు మెరుపునిస్తుంది, కొసలు చిట్లడం తగ్గిస్తుంది, పొడిబారిన చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. ఇది చిన్న మేలు కాదు. చేసిన మేలు చెప్పుకోవడం చాలు, చేయని మేలు అంటగట్టి దాని పేరు చెడగొట్టడం నాకు బాధగా ఉంటుంది. జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుంటే రక్తపరీక్ష చేయించుకోవాలి, డాక్టరుకు చూపించుకోవాలి. నూనె సీసా ముందు కూర్చుని నెలలు పోగొట్టుకోకూడదు.

"ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం" అనే సామెత కూడా నాకు నచ్చదు. మా చెల్కలో నిజంగానే వేరే చెట్టు లేదు. కలుపు తీసే తల్లులు చంటిపిల్లల్ని ఆముదపు మొక్కల నీడలోనే పడుకోబెట్టేవారు. మా నాన్న అలా పెరిగినవారే.

పోయిన సంక్రాంతికి ఊరు వెళ్లాను. కంటికి ఆనినంత మేర పత్తి. మా చిన్నమ్మ వాళ్ల చేను గట్టు వెంబడి మాత్రం పదిహేను ఇరవై ఆముదపు మొక్కలు కనిపించాయి. పొగాకు లద్దె పురుగు పత్తి మీదికి పోకుండా ఆముదం ఆకుకు వస్తుందని ఎర పంటగా వేస్తారట. ఒకప్పుడు చేనంతా ఏలిన పంట ఇప్పుడు గట్టు మీద కాపలా కాస్తోంది. మందు కొట్టని వైపు నుంచి ఎండిన గెలలు కోసుకున్నాం. ఒలిస్తే కిలో పైన గింజలు.

చిన్నమ్మకు డెబ్బై దాటాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని దంచింది, నన్ను దూరంగానే ఉంచింది. ఆరుబయట కట్టెల పొయ్యి మీద కాచాం. చిటపట ఆగే క్షణం కోసం ఇద్దరం వంగి చెవులు పెట్టాం. వత్తి ముంచి వెలిగించింది చిన్నమ్మ. మొదటిసారి ఒక్క చిటుకు. మళ్లీ సెగ మీద పెట్టాం. రెండోసారి చప్పుడు లేకుండా వెలిగింది. పావు లీటరుకు కొంచెం తక్కువ. పాత మందు సీసా కడిగి ఆరబెట్టి అందులో పోశాం. బస్సులో ఇమ్లీబన్ దాకా ఆ సీసాను ఒడిలోనే పెట్టుకుని వచ్చాను.

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. అమ్మకు ఎనభై దగ్గరపడ్డాయి, మాటలు తగ్గాయి. మంచం అంచున కూర్చోబెట్టి, టబ్బులో గోరువెచ్చని నీళ్లు పెట్టి కాళ్లు నానబెట్టాను. తుడిచి, చెమ్మ ఉండగానే సీసా మూత తీశాను. నేను ఇంకా ఏమీ చెప్పలేదు. అమ్మ తల ఎత్తి తలుపు వైపు చూసింది.

"అత్తమ్మ వచ్చిందా?" అంది.

మడమ మీద మొదటి పగులులో నూనె పెట్టి, బొటనవేలితో నెమ్మదిగా లోపలికి అద్దాను.